ఎదురుచీమ

అమావాస్య నాడు ఎమ్మిగనూరు నేసేవాళ్ల వీధిలో మగ్గం ఆడదు. రాజుగారు దిగివచ్చి అడిగినా ఆడదు. మిగతా రోజుల్లో కోడి కంటే ముందు లేచే వీధి ఆ రోజు గొంతు పోయినట్టు ఉంటుంది. మగ్గానికి విబూది పట్టెలు పెట్టి, పేక పోగు మోసే నాడెకు కుంకుమ బొట్టు పెట్టి, టెంకాయ కొట్టాక, ఇక పొద్దు గూకేదాకా ఇంట్లో పనిముట్టు అన్నది కదలకూడదు. కదిలిస్తే ఏమవుతుందని శంకరన్నను అడిగితే, "ఏమైతాదో సూద్దామని మా నాయనా సూల్లేదు, వాళ్ల నాయనా సూల్లేదు. నేనెందుకు సూడాల?" అనేవాడు.

అతని మనవరాలు నందినికి ఈ అమావాస్యల మీద నమ్మకమూ లేదు, పేచీ కూడా లేదు. తాతది గుంట మగ్గం, ఆమెది ల్యాప్‌టాప్. ఆదోనిలో డిజైన్ల కోర్సు చేసి వచ్చింది. ఇప్పుడు వీధిలో సగం మగ్గాల మీద ఆడే అంచులు, కొంగులు ఆమె గీసినవే. ఇది కూడా అన్నం పెట్టే పనిముట్టే కదా అని తాత ప్రతి అమావాస్యకూ ల్యాప్‌టాప్ మూత మీద ఇంత కుంకుమ పెట్టేవాడు. ఆమె నవ్వుకునేది గానీ తుడిచేది కాదు.

ఆ ల్యాప్‌టాప్‌లో ఊరివాళ్ల డిజైన్లే కాక, ఈ ఇంటి అంచు ఒకటి ఉంది. దాని పేరు చీమలబారు. ఎర్ర అంచు మీద నల్లచీమలు వరసగా పోతుంటాయి. పోగా పోగా ఒక చీమ మాత్రం వెనక్కి తిరిగి ఎదురొస్తుంది. నిజం చీమల బారును కాసేపు కూర్చుని చూసినవాళ్లకు తెలుసు, అలా ఎదురొచ్చేది ఒకటి ఉంటుంది. వచ్చే ప్రతిదాని మూతీ ముట్టి, ఏదో చెప్పి పోతుంది. ఆ ఎదురుచీమ ఎక్కడ పడాలో శంకరన్న భార్య పుల్లమ్మకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆమె మగ్గం పక్కన కూర్చుని పోగులు వేళ్లతో ఎత్తేది, శంకరన్న నాడె విసిరేవాడు. అతని చూపు నాడె మీద, ఆమె చూపు పోగుల మీద. "నేసింది నేనే గానీ ఆ సీమలు మాత్రం ఆమెవి" అని అతనే ఒప్పుకునేవాడు.

ఆమె చూపు మందగించాక చీమలబారు ఆగిపోయింది. నేసినవన్నీ ఎప్పుడో షావుకార్లకు పోయాయి. మిగిలింది ఒక్కటే చీర, పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి నేసుకున్నది. నందిని ఆ చీరను ఒళ్లో వేసుకుని, భూతద్దంతో పోగు పోగూ లెక్కపెట్టి, ఒక్కో గడీ నింపుకుంటూ ఒక ఎండాకాలమంతా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. అవ్వ పక్కన కూర్చుని చీరను వేలితో తడుముతూ, "ఆడ కాదే, ఇంగో పోగు జరుపు. దాని కాలు ఇరిగిపోతాది" అని దిద్దేది. ల్యాప్‌టాప్‌కు అకౌంటు తెరిచేటప్పుడు ఫోన్ నంబరు అడిగితే కూడా అవ్వదే పెట్టింది నందిని. తన సిమ్ము ఆఫర్ల కోసం ఏడాదికొకటి మారేది. "నాది పెట్టు మ్మే. నేనేడికి పోతాను?" అంది పుల్లమ్మ.

పోయిన కార్తీకంలో పోయింది.

మగ్గమున్న ఇంటి ఆడమనిషి తన మగ్గం చీరతోనే సాగిపోవాలన్నది ఆ వీధి ఆనవాయితీ. బతికినన్నాళ్లూ ఆ యోగం ఎవరికీ ఉండదు. నేసిన చీర అంగడికి, నేసినామె ఒంటికి సంత చీర. చచ్చాకైనా కట్టనిద్దామని ఎవరో పెట్టిన ఆచారం అయ్యుంటుంది. పెద్దమనుషులు చీర అడిగారు. శంకరన్న పెట్టె తెరిచి చీమలబారు చీర తీశాడు, తీసి ఇవ్వలేకపోయాడు. అంచు గుప్పిట్లో పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాడు. ఇస్తే చీమలు పోతాయి, ఇవ్వకపోతే ఆమె సంత చీరతో పోతుంది. అప్పుడు నందిని వచ్చి ఆ గుప్పిట మీద చెయ్యి వేసింది.

"ఇచ్చేయ్ తాతా. సీమ సీమ నా దాంట్లో ఉంది. ఏం పోదు."

అతను ఇచ్చేశాడు. తుంగభద్ర ఒడ్డున చీర ఆమెతో పాటు కాలిపోయింది.

ఇంకో నకలు పెట్టుకోలేదా అని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. మగ్గానికి ఎక్కించాలంటే డిజైను పెన్‌డ్రైవులో వేసి మగ్గం అట్టలకు చిల్లులు కొట్టే అంగడిలో ఇవ్వాలి. ఇచ్చిన పూటకే అది ఊరంతా తిరుగుతుంది, వారం లోపల సూరత్ నుంచి పాలిస్టరు చీరగా దిగుతుంది. అలా నందిని గీసినవి ఇప్పటికే రెండు మూడు పోయాయి. అందుకే చీమలబారును పెన్‌డ్రైవుకు ముట్టనివ్వలేదు. చీర ఫోటోలు కూడా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోను నిండిందని ఫోనులోంచి తీసేసింది. దొంగల భయంతో ఒకే పెట్టెలో పెట్టి తాళం వేసిన మనిషి, ఆ పెట్టెకే ఏమైనా అవుతుందని ఎందుకు అనుకుంటుంది?

ఆ చలికాలం చివర సిస్టమ్‌కు అప్‌డేట్ వచ్చింది, వేసుకో అని తెర మూలన ఒక చీటీ వేలాడడం మొదలైంది. నందిని రోజూ 'తర్వాత' అని నొక్కేది. అది పిలవని పేరంటంలా మళ్లీ మళ్లీ వచ్చేది. చతుర్దశి నాటి సాయంత్రం, రేపెలాగూ అమావాస్య, పని ఉండదు, తీరిగ్గా వేసుకోనీ అని 'సరే' నొక్కి పడుకుంది.

పొద్దున లేచేసరికి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, కింద ఆపొద్దని ఇంగ్లీషులో రాసి ఉంది. ఉండనీ అనుకుని అమ్మ కృష్ణకుమారితో కలిసి బజారుకు పోయింది. పోతూ పోతూ తాతకు ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ లేదు. చెప్పలేదు. ముట్టడనుకుంది. అతను దాన్ని ఏనాడూ బొట్టు పెట్టడానికి తప్ప ముట్టలేదు మరి.

శంకరన్న మగ్గానికి బొట్లు పెట్టి, కుంకుమ గిన్నెతో ల్యాప్‌టాప్ దగ్గరకు వచ్చాడు. అది గుర్రుమంటోంది. లోపల ఫ్యాను ఎన్నడూ లేనంత గట్టిగా తిరుగుతోంది. ఇంట్లో ఎవరూ లేరు, ఎవరూ ముట్టలేదు, అమావాస్య పూట పనిముట్టు దానంతటది పనిచేస్తోంది. ఇంటికేం కీడో అనుకున్నాడు. పిల్ల మరిచిపోయి ఉంటుంది, పాపం దానికి చుట్టుకోకూడదు అనుకున్నాడు. ముందు వైరు పీకాడు. ఆగలేదు. మనవరాలు నొక్కే చోటు గుర్తు చేసుకుని మీట మీద బొటనవేలు పెట్టి, సద్దు అణిగేదాకా అలాగే నొక్కి పట్టుకున్నాడు. తర్వాత మూత వేసి, బొట్టు పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

ఆ తర్వాత అది మళ్లీ కన్ను తెరవలేదు.

మర్నాడు పొద్దునంతా నందిని నొక్కిన మీటే నొక్కింది. మధ్యాహ్నానికి తాతను అడిగింది. అతను ఏదీ దాచకుండా చెప్పాడు, మంచిపని చేశాననే అనుకుంటూ. విన్న నందినికి ఒళ్లు మండిపోయింది. నోరు జారింది.

"అవ్వను ఒగసారి కాటికిచ్చినాము. ఇంగోసారి నువ్వు సంపినావు తాతా!"

కృష్ణకుమారి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "యాందే ఆ మాట! పెద్దమనిషిని పట్టుకోని" అని కసిరింది. శంకరన్న తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. నందిని ఆ మాటను వెనక్కి తీసుకోవాలనే అనుకుంది, కానీ కోపం ఇంకా దిగలేదు. రేపు చెప్పుకుందాంలే అనుకుంది.

ఆదోనికి ఇద్దరూ బస్సులో పోయారు. రావద్దన్నా తాత వినలేదు. పత్తి లారీల వెనక బస్సు ఈడ్చుకుంటూ పోయినంతసేపూ సంచీలోని ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని, జబ్బు పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బస్టాండు వెనక సందులో అమర్‌నాథ్ రిపేరు అంగడి. కోర్సు రోజుల నుంచి నందినికి తెలిసినవాడే. బల్ల మీద అప్పటికే అదే రకం ల్యాప్‌టాప్‌లు మూతలు తెరుచుకుని వరసగా ఉన్నాయి. ఒకదాని ముందు పత్తి మండీ షావుకారుగారి కొడుకు వెంకటసాయి నిలబడి కేకలేస్తున్నాడు.

"మేము పత్తి బేలులో రాయి పెట్టి పంపితే యార్డులో సొక్కా పట్టుకుంటారు గదన్నా! వీళ్లు ఇంటికే పంపినారు రాయి. నేను ఎవురి సొక్కా పట్టుకోవాల?"

"ఎవురిదీ దొరకదులే" అన్నాడు అమర్‌నాథ్, తల ఎత్తకుండా. "సిస్టం వాళ్లనడిగితే మిషన్ సేసినోళ్లది తప్పంటారు. మిషన్ వాళ్లనడిగితే సిస్టం వాళ్లదంటారు. కొద్దిమందికి మాత్రమే ఇట్లయిందని కాగితం ఒకటి ఇడిసినారు, అంతే."

"ఆ కొద్దిమందీ నీ బల్ల మీదే ఉండారే!"

"నా బల్ల చిన్నదప్పా."

"ఇంగ మీదట అప్‌డేట్ అన్నదే ముట్టను. పాతదే బంగారం."

"అట్లనీ లేదు. మాధవరం దగ్గర మిల్లు షావుకారొకాయన అట్లే అని రెండేండ్లు ఏసుకోలేదు. వైరస్సొచ్చి మొత్తం ఊడ్సుకపోయింది. ఏసుకుంటే ఇది, ఏసుకోకుంటే అది. ముందు నుయ్యి, వెనక గొయ్యి." అప్పుడు నందినిని చూసి, "రామ్మా, నీదీ అదేనా?" అన్నాడు.

ఆమె జరిగినదంతా చెప్పింది. బల్ల చివర ముక్కాలిపీట మీద ముడుచుకుని కూర్చున్న శంకరన్న, అంతా విని ఒక్కటే అడిగాడు.

"నేను ఆపినందుకేనా అప్పా?"

అమర్‌నాథ్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"పెద్దాయనా, మిషన్‌లో సిన్న చిప్పుంటాది. నిద్ర లేస్తానే నేనెవురు, నా చేతులేవి, కాళ్లేవి అని అది గుర్తు తెచ్చుకుంటాది. ఈ అప్‌డేట్ ఆ చిప్పులో రాతనే మార్చబోయింది. సగంలో ఆపితే పాతది పాయ, కొత్తది రాకపాయ. అట్ల సూస్తే నువ్వు ఆపకూడదు." వెంకటసాయి ల్యాప్‌టాప్ చూపించాడు. "కానీ ఇది ఎవురూ ఆపలేదు. అంతా అయిపోయిందని సెప్పి మరీ సచ్చింది. నీది నువ్వు ఆపినందుకు పోయిందో, ఆపకున్నా పొయ్యేదో, ఆ రాత రాసినోళ్లే సెప్పల్ల. వాళ్లు సెప్పరు."

శంకరన్న తల ఊపాడు. అతను విన్నది మొదటి సగమే అని నందినికి అర్థమైంది. రెండో సగం ఆమె తనకోసం విన్నది. తాత తప్పు కాకపోయి ఉండొచ్చు. కాకపోతే మిగిలేది తానే. 'సరే' నొక్కింది తాను, చీర ఇచ్చేయమన్నది తాను. ఆ సంగతి తట్టాక ఆమెకు తాత మొహం చూడబుద్ధి కాలేదు.

చిప్పు హైదరాబాదు నుంచి రావాలన్నాడు. ఆ రోజులన్నీ నందిని ఫోను పట్టుకుని, ఊరూ పేరూ తెలియనివాళ్ల తగవులు చదువుతూ కూర్చుంది. నకలు పెట్టుకోనివాళ్లదే తప్పని కొందరు, అడక్కుండా ఇంట్లోకి వచ్చినవాళ్లదే తప్పని కొందరు. ఎవరు గెలిచినా ఒక్క చీమ కూడా తిరిగిరాదు.

చిప్పు వచ్చిందని కబురు రాగానే మళ్లీ ఇద్దరూ పోయారు. అమర్‌నాథ్ మీట నొక్కాడు. దీపం వెలిగింది, ఫ్యాను కదిలింది, తెర తెల్లబడింది. శంకరన్న లేచి నిలబడ్డాడు. నందిని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు తెర నీలంగా మారి, తాళం తెరిచే అంకెలు ఇమ్మని అడిగింది.

"ఏం తాళం? నేనేయలేదే" అంది నందిని.

"అదే ఏసుకుంటాది మ్మా, దొంగలెత్తుకపోయినా లోపలిది సదవకుండా. రోజూ ఆ పాత చిప్పే తాళం తీసేది, నీకు తెలిసేది కాదు. ఇప్పుడు చిప్పు కొత్తది, దీన్ని అది నమ్మదు. తాళం అంకెలు నీ అకౌంట్లో ఉంటాయి. అకౌంటు పాస్‌వర్డు?"

ఆమెకు గుర్తు లేదు. ఎప్పుడో ఏదో పెట్టింది. గుర్తు లేకపోతే ఫోనుకు కోడ్ పంపిస్తానంది అకౌంటు. ఏ ఫోనుకో చూసింది నందిని. అవ్వ నంబరు. అవ్వ పోయాక ఆ ఫోనుకు ఎవరూ డబ్బులు వేయలేదు. ఎందుకు వేస్తారు? చేసి చూసింది. మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదని తీయటి గొంతు ఒకటి చెప్పింది.

ఫోన్ కంపెనీ అంగడి ఆ బజారులోనే ఉంది. కౌంటరు వెనక కూర్చున్న మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "నంబరు ఇంగా ఎవురికీ ఇయ్యలేదమ్మా. కానీ తిరిగి తీసుకోవాలంటే ఎవురి పేరుతో ఉండాదో ఆమే రావాల. ఈడ ఏలిముద్ర ఎయ్యాల."

"ఏలు కాలిపాయ గదప్పా" అన్నాడు శంకరన్న. వెటకారం కాదు, కోపం కాదు, సమాధానం చెప్పాడంతే. ఆ మనిషి నంబరులున్న తెర వైపు తిరిగి చూసి, పోయినవాళ్ల నంబరుకు వేరే దారి ఏదీ ఇందులో లేదని చెప్పాడు.

తిరిగి అమర్‌నాథ్ దగ్గరకు వచ్చారు. "మంచి తాళమే మ్మా. దొంగకూ తెరుసుకోదు, మనకూ తెరుసుకోదు" అన్నాడు అతను, బాధగా. "మొత్తం తుడిసేస్తే మిషన్ పనికొస్తాది. కొత్తగా పని సేసుకోవచ్చు. లోపలివి మాత్రం ఇంగ ఎప్పటికీ రావు. ఏం సేద్దాం?"

నందినికి ఇంటి దగ్గర ఊరి డిజైన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. పొద్దున అమ్మ బస్సెక్కిస్తూ ఇంకెన్నాళ్లే అని అడిగింది. కానీ తుడిచెయ్ అనే మాట నోటికి రావడం లేదు. మూత అంచును గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. శంకరన్న పీట మీది నుంచి లేచి వచ్చాడు. ఆమె గుప్పిట మీద చెయ్యి వేశాడు.

"ఇచ్చేయ్ మ్మా" అన్నాడు. తర్వాత, చీర ఇచ్చిన రోజు ఆమె అన్న 'ఏం పోదు' కూడా అనబోయి, నోట్లోనే ఆపుకున్నాడు.

ఇచ్చేసింది.

తుడిచిన ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన మర్నాడు శంకరన్న మగ్గానికి ఎర్ర పడుగు ఎక్కించి, మనవరాలిని అవ్వ చోట కూర్చోమన్నాడు. "నువ్వు ఎండాకాలమంతా ఎంచినావు గదా. ఎత్తు. గుర్తున్నంత ఎత్తు" అన్నాడు. నందిని వేళ్లతో పోగులు ఎత్తింది. ఆమె ఎత్తేది, అతను నాడె విసిరేవాడు. జానెడు అంచు నేసేసరికి పొద్దు వాలింది. చీమలు వచ్చాయి. లావుగా, కాళ్లు వంకరగా, అయినా చూస్తే చీమలే అనిపించేలా వచ్చాయి. శంకరన్న నేసినంత మేరా బొటనవేలితో తడిమాడు. చివరిదాకా పోయి, మళ్లీ మొదటి నుంచి తడిమాడు.

"ఎదురొచ్చేది యాడమ్మా?"

"తెలీదు తాతా." ఆమెకు ఏడుపొచ్చేసింది. "ఎన్నింటికి ఒకటో లెక్క తెలీదు. సీరలో సూసి ఏసినా, అంతే. ఏడ తిప్పల్లని అవ్వను అడగనే లేదు."

"నేనూ అడగల్యా" అన్నాడు తాత. "పక్కనే కూసోనింటాది గదా, ఏమిటికి అడగల్ల అనుకుంటి."

ఎర్ర అంచు మీద చీమలన్నీ ఒకటే దిక్కుకు పోతున్నాయి. వాటికి ఎదురొచ్చి మూతి ముట్టేది ఒక్కటీ లేదు. శంకరన్న కత్తెర అడిగి ఆ జానెడూ కోసేశాడు.

ఆ రోజే నందిని తన తప్పు చెప్పుకుంది. "తాతా, అట్ల అనకూడదు నేను. మిషన్ దానంతటదే పోయింటాది. అమరన్న సెప్పినాడు గదా."

"సెప్పినాడులే" అన్నాడు. అతని మొహంలో ఆ మాట లోపలికి దిగిన జాడ లేదు.

పైకి అన్నీ మామూలయ్యాయి. నందిని మళ్లీ డిజైన్లు గీస్తోంది, ప్రతిదానికీ రెండు మూడు నకళ్లు పెడుతోంది. తెర మూలన మళ్లీ చీటీ వస్తే నొక్కాలో మానాలో తెలియక చాలాసేపు దాని వైపే చూస్తూ కూర్చుంటోంది. తాత నేస్తున్నాడు. పై నెల అమావాస్యకు మగ్గానికి బొట్టు పెట్టాడు, ల్యాప్‌టాప్ ఉన్న గదిలోకి మాత్రం రాలేదు.

ఆ అమావాస్య నాడు నందిని, కృష్ణకుమారి నందవరంలో చుట్టాలింటికి పోయి, దీపాలు పెట్టే వేళ దాటాక వచ్చారు. వీధంతా వెలుతురుగా ఉంది. వాళ్ల ఇల్లొక్కటే చీకటి. కరెంటు పోయిందేమోనని చూస్తే పక్కింట్లో టీవీ మోగుతోంది. నందిని గాబరాగా లోపలికి పోయింది. శంకరన్న గోడకు ఆనుకుని, చీకట్లో, ఉక్కలో కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. స్విచ్చు అతని తల పక్కనే ఉంది.

"లైటేసుకోలేదా తాతా? ఫ్యాను కూడా ఏసుకోలేదే!"

"మీరొస్తారు గదా అని."

"ఎంతసేపైందో నువ్వు కూసోని! పక్కనే ఉంది గదా స్విచ్చు."

శంకరన్న కుడిచేతి బొటనవేలిని ఎడమ గుప్పిట్లో దాచుకున్నాడు.

"నేనేస్తే మళ్లా ఏం పోతాదో మ్మా" అన్నాడు.

నందిని అతని చెయ్యి పట్టుకుని, ఆ గుప్పిట విడదీసి, బొటనవేలిని స్విచ్చు మీద పెట్టబోయింది. ఏం పోదు తాతా అనబోయింది. ఆ మాట తాను ఇంతకు ముందు ఒకసారి చెప్పి ఉన్నానని గుర్తొచ్చి, నోరు మూసుకుంది. అతను వేలిని వెనక్కి లాక్కోబోయాడు. దాన్ని వదిలేసి, లైటు తానే వేసింది.